వెనక సీట్లో ఆదివారం

మా కారు బయల్దేరిందన్న కబురు పెసరట్టు మీద వస్తుంది.

అట్టు తిరగేస్తాను. కాలిన వైపు, ఉల్లిపాయ ముక్కల మధ్య, చక్కటి గోధుమరంగు అక్షరాలు: "అభినందనలు. మీ కారు బయల్దేరింది." ఫోన్ తీసి చూస్తాను. అందులో ఏమీ లేదు. యాప్ వాళ్లు ఈమధ్య కబుర్లన్నీ టిఫిన్ మీదే పంపుతున్నట్టున్నారు. మంచి పద్ధతే. ఫోన్ అయితే ఎక్కడో పెట్టి మర్చిపోతాం.

"భార్గవ్! తొందరగా రా, చల్లారిపోతుంది!"

మా ఆయన నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొస్తాడు. మా పెళ్లినాటి గోరింటాకు నా చేతుల మీద ఇంకా పూర్తిగా వెలవలేదు. ఈ ఇంట్లో ఏది మొదటిసారి జరిగినా ఇద్దరం కలిసి చూడాలని నియమం పెట్టుకున్నాం. మొదటిసారి పాలు పొంగి స్టవ్వంతా కారినప్పుడు కూడా, ఆపకుండా, చేతులు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

అతను అట్టు చదివి, నన్ను పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పుతాడు. తర్వాత అట్టుని రెండుగా తుంచుతాం. "అభినందనలు" అతను తింటాడు. "బయల్దేరింది" నేను తింటాను. నా సగంలో పచ్చిమిర్చి కొంచెం ఎక్కువ పడింది.

ఈ కారుని మేం సోఫాలో కూర్చుని కొన్నాం.

షోరూముకే వెళ్లాలని నాకు ఉండేది. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము ఒకటి ఉండేది. మా పెళ్లికి ముందే దాన్ని మూసేశారు. కార్లన్నీ యాప్‌లోకి వెళ్లిపోయాయి. వాటి వెంట అద్దాలు, గోడలు కూడా వెళ్లిపోయాయి. ఇప్పుడక్కడ గాలి ఒక్కటే నలుచదరంగా నిలబడి ఉంటుంది. ఆటోలు దానికి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్తాయి.

నా మొహం చూసి, భార్గవ్ రిసెప్షన్‌కి కట్టుకున్న టై వెతికి తెచ్చి, బనీను మీదే కట్టుకున్నాడు. ముడి ఎడమ చెవి వైపు పోయింది. ఎప్పుడు కట్టినా అటే పోతుంది.

"షోరూము లేకపోతేనేం మేడమ్, సేల్స్‌మన్ ఉన్నాడు. ఏ రంగు చూపించమంటారు?"

"ముందు మంచినీళ్లైనా ఇవ్వరా?"

"కూల్ డ్రింకే ఇస్తాం మేడమ్. కొన్నా ఇస్తాం, కొనకపోయినా ఇస్తాం."

నేను పడీపడీ నవ్వాను. కొన్నా ఇస్తారు, కొనకపోయినా ఇస్తారు అన్నది మా అమ్మ మాట.

మా అమ్మ అనసూయకి కొత్త కార్లంటే ప్రాణం. కొనడం కాదు, కూర్చోవడం. ఆఫర్ల బోర్డు పెట్టిన ఆదివారాల్లో మంచి చీర కట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని, నాన్న స్కూటర్ మీద ఆ షోరూముకి వెళ్లేది. నాన్న సిగ్గుపడి లోపలికి వచ్చేవాడు కాదు. బయట స్కూటర్ దగ్గరే నిలబడి, రుమాలుతో వెనక సీటు తుడుస్తూ ఉండేవాడు. అమ్మ ఒక్కో కారు తలుపూ తీయించి, వెనక సీట్లోకి ఎక్కి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "ముందు సీట్లో కూర్చుంటే కొనాలే మృదూ. వెనక సీట్లో కూర్చుంటే చూసినట్టే," అనేది. కూల్ డ్రింక్ తాగి, సేల్స్‌మన్‌కి థాంక్స్ చెప్పి, స్కూటర్ మీద ఇంటికొచ్చేసేవాళ్లం. దారంతా ఆవిడ చీరకి కొత్త కారు వాసన ఉండేది.

అమ్మ నా పెళ్లి చూడలేదు. చూడకుండానే పోయింది.

యాప్‌లో ఒక మూల, షోరూముల్లో చూపుకి ఉంచిన కార్లు విడిగా ఉన్నాయి. అందులో తెల్ల కారు ఒకటి. దాని కింద ఇలా రాసి ఉంది: "కొత్తది. ఒక్క అడుగు కూడా కదల్లేదు. వెనక సీట్లో కాసేపు కూర్చున్నారు, అంతే. ఇంకా ఆ ఆదివారంలోనే ఉంది కాబట్టి పాతబడలేదు."

"కాసేపు కూర్చుంటే అరిగిపోతుందా ఏంటి మేడమ్?" అన్నాడు సేల్స్‌మన్.

నేను నొక్కాను.

*

సాయంత్రానికి కారు వస్తుంది. ఇంటికే డెలివరీ అన్నారు కాబట్టి ఇంటికే వస్తుంది, మూడో అంతస్తుకి. భార్గవ్ కారుకి స్వాగతం చెప్పడానికని మళ్లీ టై కట్టుకున్నాడు, ఈసారి చొక్కా మీద. నేను హారతి పళ్లెం పట్టుకున్నాను. లిఫ్టు కుయ్యోమని మొత్తుకుంటూ వచ్చి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటే లోపల మా కారు, మోకాళ్లు ముడుచుకుని, నిటారుగా నిలబడి ఉంది. డెలివరీకి వచ్చిన గంగరాజు మాత్రం మెట్ల మీంచి రొప్పుతూ వస్తాడు.

"ఆయ్, లిఫ్టు నలుగురికేనండి. కారుని ముగ్గురి కింద లెక్కేసి, నన్నొకణ్ణి కలుపుకున్నానండి. అయినా అరుస్తంది. అప్పుడు గుర్తొచ్చిందండి బాబూ, లోపల మనిషున్నారు కదా అని. నేను దిగిపోయి నడిచొచ్చాను."

"లోపల ఎవరు?" అంటాను.

"మీకే తెలియాలండి. కాసేపు కూర్చున్నారని రాశారు కదా. ఎంతసేపో రాయలేదు."

అతను కారుని చంటిపిల్లలా భుజాన వేసుకుని లోపలికి తెస్తాడు, చక్రాలు నేలకి తగలకుండా. మా సోఫా లేచి, దారిచ్చి, బాల్కనీలోకి వెళ్లి కూర్చుంటుంది. టీవీ గోడవైపు తిరుగుతుంది. అతను హాలు మధ్యలో కారుని మెల్లగా దించి, నడుం పట్టుకుని చుట్టూ చూస్తాడు.

"నిమ్మకాయలేవండీ?"

నేనూ భార్గవ్ మొహమొహాలు చూసుకుంటాం. షోరూములో అయితే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు వాళ్లే పెడతారు. కొబ్బరికాయ వాళ్లే కొడతారు. కారు మొదటి కదలిక నిమ్మకాయల మీదుగానే సాగాలి, అవి చితికిన చప్పుడు ఇంటిల్లిపాదీ వినాలి. కారుతోపాటు స్టెపినీ వచ్చినట్టు నిమ్మకాయలు కూడా వస్తాయనే మేమిద్దరం అనుకున్నాం. డిగ్రీలున్నాయి ఇద్దరికీ.

"యాప్‌లో నిమ్మకాయలు రావండి. ఎవరి నిమ్మకాయలు ఆళ్లే తెచ్చుకోవాలి," అంటాడు గంగరాజు. "అందాకా బండి కదపకండేం. కదిలిందా, ఆ ఆదివారం అయిపోద్ది. ఆదివారం అయిపోతే ఆవిడ దిగి ఇంటికెళ్లిపోతారు."

"ఎవరింటికి?"

"ఆవిడింటికేనండి. అప్పటింటికి."

హారతి పళ్లెంలో చిల్లర అతనే తీసుకుని, బొట్టు పెట్టించుకుని, మెట్ల మీదుగా వెళ్లిపోతాడు.

నేను వెనక తలుపు తీస్తాను. ముందుగా లోపల్నుంచి ఎండ బయటికి వస్తుంది, పొద్దున్న పదకొండింటి ఎండ, వచ్చి మా హాలు టైల్స్ మీద చాపలా పరుచుకుంటుంది. తర్వాత కొత్త కారు వాసన. ఆ తర్వాత అమ్మ. నెమలిపింఛం రంగు చీర, ఒళ్లో చేతిసంచీ, సీటు కవరు మాసిపోకుండా పాదాలు కొంచెం పైకెత్తి.

"ఇంతసేపేంటే మృదూ? కూల్ డ్రింక్ తెస్తానని వెళ్లి ఇంత పొడుగైపోయావేంటి?"

నా గొంతు ఎక్కడో ఉంది. వెతికి తెచ్చుకుంటాను. "లోపల జనం ఎక్కువున్నారమ్మా."

"ఉంటారు, ఉంటారు. ఆఫరు కదా. మెళ్లో ఆ నల్లపూసలెవరివి?"

"ఊరికే. సరదాకి."

"సరదాకైతే గిల్టువి వేసుకోవే. బంగారం అరిగిపోద్ది." నా భుజం మీదుగా చూసి చెయ్యి ఊపుతుంది. "బాబూ, ఇలా రా నాన్నా. మైలేజీ ఎంతిస్తది ఈ బండి?"

పిలిచింది భార్గవ్‌ని. టై చూసింది మరి.

భార్గవ్ అంతకుముందు మా అమ్మని చూసింది ఆసుపత్రిలోనే. పక్క మంచం వాళ్ల తాతయ్యది. ఫ్లాస్కులో టీ తెచ్చి, నాకూ ఒక గ్లాసు పోసేవాడు, చక్కెర దిమ్మరించి. అమ్మ కళ్లు అప్పటికే మూసుకుని ఉండేవి. ఒక్కసారి కళ్లు తెరిస్తే నమస్కారం పెడదామనుకున్నానని పెళ్లిచూపుల్లో కూడా అన్నాడు, ఇప్పటికీ అంటుంటాడు.

అతను రెండు చేతులూ జోడిస్తాడు. కొంచెం ఎక్కువసేపే జోడించి ఉంచుతాడు. "నమస్కారం మేడమ్. ఇరవై రెండు ఇస్తుందండి."

"అందరూ ఆ మాటే చెప్తారు. నిజం చెప్పు."

"పద్దెనిమిదండి."

"అదీ. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు. ఎలా అమ్ముతావయ్యా కార్లు?" అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, చెవిలో చెబుతుంది. "టై కట్టుకోవడం రాదుగానీ, కుర్రాడు నెమ్మదస్తుడే."

పెళ్లిలో తలంబ్రాలు పోసుకుంటూ, ఈ మాట కోసమే నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. వెనక పిన్ని ఉంది. పిన్ని మంచిదే.

వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ తలుపు తీసి, ఆ చల్లదనంలో మొహం పెట్టుకుని ఏడుస్తాను. లోపల వంకాయలు మర్యాదగా అటు తిరుగుతాయి. బయటికొచ్చేసరికి భార్గవ్ సంచీ పట్టుకుని ఉన్నాడు.

"నిమ్మకాయలు తెచ్చేదా?"

"వద్దు."

"మరి కారు?"

"తొందరేముంది? మనం ఎక్కడికెళ్లాలి?"

అతను నా మొహం చూసి, సంచీ తిరిగి మేకుకి తగిలిస్తాడు.

*

అప్పట్నుంచి హాల్లో ఆదివారం. వంటింట్లో సోమవారం వస్తుంది, తర్వాత మంగళవారం వస్తుంది. పడగ్గదిలో మంగళవారమో బుధవారమో తేలక గడియారం గోడ దిగి మంచం కింద కూర్చుంటుంది. హాల్లో మాత్రం ఎండ చాప కదలదు. భార్గవ్ ఆఫీసుకి వంటింటి తలుపులోంచి వెళ్తాడు, హాల్లోంచి వెళ్తే ఆఫీసు సెలవు.

ఇంత సంతోషం నాకు అలవాటు లేదు. అమ్మకి గ్లాసులో కూల్ డ్రింక్ పోసి, స్ట్రా వేసి ఇస్తాను. ఆవిడ తాగుతూనే ఉంటుంది, గ్లాసు నిండుగానే ఉంటుంది. పక్క సీట్లోకి ఎక్కి, తలుపేసుకుని, ఇద్దరం అద్దాలు దించుతాం, ఎక్కిస్తాం.

"అబ్బ, ఎంత సుతారంగా దిగుతోందే! మన స్కూటర్‌కి ఇలాంటివి ఉంటే ఎంత బావుణ్ణు."

"స్కూటర్‌కి అద్దాలెందుకమ్మా?"

"దించుకోడానికి."

అమ్మ చెప్పేదాంట్లో ఎప్పుడూ తప్పు దొరకదు.

నేను ఆవిడ భుజం మీద తల పెడతాను. ఆ భుజానికి ఇంకా ఏ జబ్బూ తెలియదు. గుండ్రంగా, గట్టిగా ఉంది. జాకెట్టు చేతికి తగిలించిన సేఫ్టీపిన్ను నా చెంపకి గుచ్చుకుంటుంది. ఆ గీత పోకుండా ఉంటే బావుండుననుకుంటూ అద్దంలో చూసుకుంటాను.

సామర్లకోట నుంచి నాన్న ఫోన్ చేస్తాడు. మామూలుగా అయితే మోకాలి నొప్పి సంగతి చెబుతాడు. ఇవాళ ఆయన గొంతు నున్నగా ఉంది, మీసం తెల్లబడక ముందు ఉండే గొంతు. వెనక స్కూటర్ ఇంజన్ చప్పుడు.

"అమ్మడూ, మీ అమ్మ ఇంకా ఎంతసేపే? స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాను."

"వస్తుంది నాన్నా. ఇంకో కారు చూస్తానంటోంది."

"సరే సరే. చూడనీ. తొందరపెట్టకు." కొంచెం ఆగి, "ఎండగా ఉంది," అంటాడు. ఫోన్ పెట్టేయడు. ఇంజన్ చప్పుడు వింటూ నేనూ పెట్టేయను.

*

మొదట పోయింది ఆకుపచ్చ పట్టుచీర.

డిగ్రీ పాసైనప్పుడు అమ్మ కొన్న చీర అది. బీరువా తెరిస్తే దాని జాకెట్టు ఉంది. చీర ఉండాల్సిన చోట చీర మడతంత గాలి ఉంది. ముట్టుకుంటే అంచు తగిలినట్టే ఉంటుంది గానీ, పట్టుకుంటే చేతికి రాదు.

తర్వాత చారుపొడి. మిరియాలు ఎన్ని, ధనియాలు ఎన్ని అన్నది అమ్మ నాకు డిగ్రీ అయ్యాక నేర్పింది. పోపుల డబ్బా ముందు నా చెయ్యి గాలిలో ఆగిపోతుంది. చెయ్యికేమీ గుర్తు లేదు. హాల్లోకెళ్లి అమ్మనే అడుగుతాను.

"చారుపొడా? అది మా అక్క చేసి పంపుద్దిగా. నాకెక్కడొచ్చు? నేర్చుకోవాలి ఎప్పుడో," అంటుంది అమ్మ.

మూడోది నాకు మొదట తెలియనే తెలియదు. వంటింట్లో గురువారం మధ్యాహ్నం, గిన్నెలు కడుగుతూ, ఎందుకింత తేలిగ్గా ఉందా అని చూసుకుంటాను. ఆసుపత్రి లేదు. ఆ పొడుగాటి వరండా లేదు, ఫినాయిల్ వాసన లేదు, డాక్టరు నన్ను పక్కకి పిలిచి కళ్లజోడు తీసిన క్షణం లేదు. ఎక్కడో ఉండేవని మాత్రం తెలుసు, పాత అద్దె ఇల్లు ఫలానా వీధిలో ఉండేదని తెలిసినట్టు. ఆనందం పట్టలేక సబ్బు చేతులతోనే పరిగెత్తుతాను.

"భార్గవ్! ఆసుపత్రి పోయింది! నాకేమీ గుర్తు లేదు!"

"ఏ ఆసుపత్రి మేడమ్?"

నేను నవ్వుతాను. అతను నవ్వడు. కారు ముందుభాగాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఇంక చాల్లే. టై తీసెయ్."

"సాయంత్రం షోరూము కట్టేశాక తీస్తానండి. డ్యూటీలో తీయకూడదు."

దగ్గరికెళ్లి చూస్తాను. టై ముడి సరిగ్గా గొంతు మధ్యలో, గీత గీసినట్టు ఉంది. భార్గవ్‌కి ఎప్పటికీ అలా రాదు. నా కాలివేళ్ల నుంచి మెట్టెలు జారి, టైల్స్ మీద దొర్లుకుంటూ పోయి, కారు కింద ఆగుతాయి.

పడగ్గదిలో పెళ్లి ఫోటో గోడ మీదే ఉంది. అందులో నేను పట్టుచీరలో, చేతులెత్తి, ఎవరికో దండ వేస్తున్నాను. ఎవరూ లేరు. దండ మాత్రం గాలిలో ఒక మెడ ఎత్తున వేలాడుతోంది. వెనక పిన్ని నవ్వుతూ అక్షింతలు వేస్తోంది.

వంటింట్లో పాలు కాచి చల్లార్చి ఉంచాను. మీగడ మీద అక్షరాలు కట్టి ఉన్నాయి: "వెనక సీట్లో కూర్చున్నవారు దిగకపోతే, దిగిన తర్వాత జరిగినవన్నీ వెనక్కి తీసుకుంటాం. మీ ఓపికకు ధన్యవాదాలు."

చదివి, చెంచాతో మీగడ తీసి, పారబోయలేక, తినేస్తాను. దానికి ఏ రుచీ లేదు. టీ రుచి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోడానికి చూస్తాను. టీ రాదు. గ్లాసు రాదు, ఫ్లాస్కు రాదు. ఎవరో ఎక్కువేసిన చక్కెర ఒక్కటి నాలుక చివర మిగిలింది, ఇసుక రేణువంత. దాన్ని మింగకుండా నోట్లో పట్టుకుని హాల్లోకి నడుస్తాను.

*

అమ్మ పక్కన కూర్చుంటాను. తలుపు వేసుకుంటాను. అద్దంలోంచి భార్గవ్ కనిపిస్తాడు, రాబోయే కస్టమర్ల కోసం చేతులు కట్టుకుని, మా ఇంటి తలుపు వైపు చూస్తూ.

"అమ్మా, ఇక్కడ నీకు బావుందా?"

"బావోక? ఏసీ ఉంది, నువ్వున్నావు. మీ నాన్నే పాపం ఎండలో ఉన్నాడు." నా మొహంలోకి చూస్తుంది. "ఏంటే? బుగ్గలో ఏం దాచావు?"

"చక్కెర."

"చిన్నప్పుడూ ఇంతే. డబ్బా ఖాళీ చేసేదానివి." నా జుట్టు చెవి వెనక్కి తోస్తుంది. "నేను ఇక్కణ్ణుంచి దిగితే ఏమవుద్ది?"

నేను అడగని ప్రశ్నకి ఆవిడే చోటిచ్చింది. నెమ్మదిగా చెబుతాను, చక్కెర కరగకుండా.

"నాన్న స్కూటర్ ఎక్కి ఇంటికెళ్తావు."

"వెళ్లాక?"

"నేను డిగ్రీ పాసవుతాను. పట్టుచీర కొంటావు. ఆకుపచ్చది."

"నీకు ఆకుపచ్చ నప్పదే."

"అందరూ అదే అన్నారు. అయినా నువ్వు అదే కొంటావు. తర్వాత చారుపొడి నేర్చుకుంటావు. నాకూ నేర్పుతావు. మొదటిసారి మాడుస్తావు."

"పెద్దమ్మకి చెప్పకు ఆ మాట. తర్వాత?"

"తర్వాత... టీ తెచ్చే అబ్బాయి ఒకడు వస్తాడు."

"ఎక్కడికి వస్తాడు?"

నాకు గుర్తు లేదు. ఉన్నా చెప్పను. అమ్మ నా కళ్లలోకి చూస్తుంది, ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి, ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చినవాళ్లు గదులు తిరిగినట్టు. ఏదో గదిలో ఏదో చూసింది. తలుపు మెల్లగా దగ్గరికేసి బయటికి వచ్చేసింది. ఎక్కడికన్న ప్రశ్న మళ్లీ అడగలేదు.

"టీ బాగా పెడతాడా?"

"చక్కెర ఎక్కువేస్తాడు."

"అయితే దిగాల్సిందే," అంటుంది అమ్మ. "చక్కెర తక్కువెయ్యమని ఎవరో ఒకరు చెప్పాలిగా."

"నువ్వు చెప్పవమ్మా. అప్పటికి నువ్వు..."

"నేను చెప్పకపోతే నువ్వు చెప్పు." చేతిసంచీ తీసి, రుమాలుతో నా మొహం తుడుస్తుంది, గట్టిగా, చిన్నపిల్లకి తుడిచినట్టు. "నాకిలా కాళ్లు ఎత్తి పెట్టుకుని కూర్చోవడం కష్టంగా ఉందే. ఎంతసేపని కూర్చోను? చీర కొనాలి, చారుపొడి మాడ్చాలి. ఎన్ని పనులు చెప్పావు!"

వంటింట్లో శుక్రవారం వస్తుంది. కూరగాయలమ్మే మంగమ్మ కింద వీధిలోంచి కేకేస్తుంది. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతాను. నేనేమీ చెప్పకుండానే బుట్టలో నాలుగు నిమ్మకాయలు పైకి వస్తాయి. హాల్లోకి తెస్తే అమ్మ ఒకటి తీసుకుని వాసన చూసి, గోటితో తొక్క గిల్లుతుంది.

"పలచటి తోలు. మంచివే. ఊరగాయకైతే బావుండేవి."

నేను మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో చక్రం కిందా ఒక్కోటి పెడతాను. కారు కింద మెట్టెలు దొరుకుతాయి. పెట్టుకుంటే ఇంకా వదులుగానే ఉన్నాయి, అయినా పెట్టుకుంటాను. నాలుగో నిమ్మకాయ పెట్టి లేచేసరికి, భార్గవ్ టై ముడి గొంతు మధ్య నుంచి ఎడమ వైపుకి ఒక వేలంత జరిగి ఉంది. అతను దాన్ని సర్దుకుంటూ ఇబ్బందిగా చూస్తాడు.

"డెలివరీ ఎప్పుడు తీసుకుంటారు మేడమ్?"

అమ్మే అద్దం దించి చెబుతుంది. "రేపు బాబూ. నువ్వే నడపాలి. గోడ దాకా పోనిస్తే చాలు. నిమ్మకాయలు చితికిన చప్పుడు నాకు వినపడాలి."

"తప్పకుండానండి."

"ఇంకో మాట. రేపు నేను ముందు సీట్లో కూర్చుంటా."

నేను తలెత్తుతాను. "ముందు సీట్లో కూర్చుంటే కొనాలి కదమ్మా."

"కొన్నావు కదే," అంటుంది అమ్మ. నా నల్లపూసలు సరిచేసి, కొక్కెం వెనక్కి తిప్పుతుంది. "నాకు తెలీదనుకున్నావా? గిల్టు కాదు. అరిగినా పర్లేదు, వేసుకో."

అప్పుడు బాల్కనీ వైపు చప్పుడు వినిపిస్తుంది. వెళ్లి చూస్తాను. సోఫా పక్కకి జరిగి చోటిస్తుంది. బయట గాలిలో, మూడో అంతస్తు ఎత్తున, నాన్న స్కూటర్ మీద ఉన్నాడు. ఒక కాలు మా బట్టలారేసే తీగ మీద ఆనించాడు. జుట్టంతా నలుపు. ఇంజన్ ఆడుతోంది. వెనక్కి తిరిగి రుమాలుతో సీటు తుడుస్తున్నాడు, ఎంతసేపటి నుంచి తుడుస్తున్నాడో, అక్కడ రెగ్జిన్ అద్దంలా మెరుస్తోంది.

నన్ను చూసి, లోపలికి రమ్మంటానేమోనని సిగ్గుపడి, తల దించుకుంటాడు.

హాల్లోంచి అమ్మ కేకేస్తుంది. "ఏవండోయ్! ఇంజన్ ఆపెయ్యండి, పెట్రోలు దండగ! రేపు పొద్దున్న పిల్ల పెసరట్లు వేస్తానంటోంది. తినేసి బయల్దేరదాం!"

"రేపా? సరే," అంటాడు నాన్న. చెయ్యి చాచి తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపుతాడు.

దాంతోపాటే సముద్రం కూడా ఆగిపోతుంది. మా బాల్కనీలోంచి రెండు మేడల మధ్య సన్నగా కనిపించే కాకినాడ సముద్రం. అలలు లేచినవి లేచినట్టే నిలబడ్డాయి. నురగ రాలకుండా పైనే ఉంది. చూడగా చూడగా తెలుస్తుంది, ఒడ్డు పొడుగునా ఒక్కో అల కిందా ఎవరో ఒక్కో నిమ్మకాయ పెట్టి ఉంచారు, రేపటికి.